విప్పడమెలా సార్?

మొన్న నా సెల్‌ఫోన్ బ్యాటరీ మార్చమని రిపేరు కుర్రాడికిచ్చాను. పాపం, వెనక మూత వేడిచేసి, జిగురు కరిగించి, ఊపిరి బిగబట్టి ఊడదీశాడు. నాలుగు స్క్రూలు పెట్టి ఉంటే ఎంత బాగుండును! ఆ లోపం డిజైను గీసిన నాటిది.

2006 జూలై 1 నుంచి యూరప్ దేశాలు సోల్డరులో సీసాన్ని కట్టడి చేశాయి. సీసం-తగరం సోల్డరు 183 డిగ్రీల సెల్సియస్‌కే కరిగేది. బదులొచ్చిన తగరం-వెండి-రాగి మిశ్రమానికి సుమారు 217 కావాలి. ఆ వేడికి తట్టుకొనే బోర్డునూ, విడిభాగాలనూ మొదటే ఎంచుకోవాలన్నమాట. చెత్తకుప్ప దగ్గర ఆలోచిస్తే అయ్యే పనికాదు.

"ఇది పనిచేస్తుందా?" అని వైవాలో అడిగే మాస్టార్లు, "దీన్ని విప్పడమెలా?" అనీ అడగాలి. జవాబు లేకపోతే మార్కులు కోయండి సార్! మొదట నావే కోయండి. నా ప్రాజెక్టు డబ్బానీ జిగురుతోనే అంటించాను.