సైనికుల రొట్టెశాల, యువజనుల హక్కు

స్లొవేనియా దేశమున రెండవ పెద్ద నగరమగు మారిబోరునందు, రైలుమార్గము చెంత, పాత కట్టడముల సముదాయ మొకటి కలదు. ఒకప్పు డచట సైన్యమునకు రొట్టెలు కాల్చెడివారు. అందుచేతనే దానిని నేటికిని పెకార్న, అనగా రొట్టెశాల, యని పిలుచుచున్నారు. 1994 లో యువజను లందు ప్రవేశించి సంగీతమునకు, కళలకు, చర్చలకు నిలయముగా జేసికొనిరి. అనుమతి వేడి ప్రవేశించినవారు కారు. ఇట్టివారికి ఆ స్థలముపై హక్కెట్టిది? చదువరు లీ ప్రశ్నను దూరదేశపు వింతగా నెంచి పుట త్రిప్పరని మా నమ్మకము.

మొదట ఆ నగరపు స్థితి తెలియవలెను. ద్రావా నదీతీరమున నాలుగు వందల యేండ్లు దాటిన ద్రాక్షతీగ యొకటి నేటికిని కాయుచున్నది. యాత్రికులు దానిని చూచి పోవుదురు. కాని మారిబోరునకు అన్నము పెట్టినది ద్రాక్షతీగ కాదు, మగ్గము. రెండు మహాయుద్ధముల నడుమ నచట నెన్నియో నేతమిల్లులు వెలయుటచే దానిని స్లొవేనియుల మాంచెస్టరని వ్యవహరించిరి. రెండవ యుద్ధానంతరమున టామ్ అను మోటారు కర్మాగారము లారీలను, బస్సులను చేసి యుగోస్లావియా నలుమూలలకు పంపెను. 1988 నాటికే అందలి కార్మికులు సమ్మెకట్టి వీధులలోనికి వచ్చిరి. 1991 జూను 25 వ తేదీన స్లొవేనియా స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. పది దినముల యుద్ధము జరిగెను. అక్టోబరు మాసాంతమునకు యుగోస్లావు సైన్యము దేశము విడిచిపోయెను. సైన్యముతోపాటు దక్షిణపు బజారులును పోయినవి. మిల్లులు మూతబడినవి, 1996 లో టామ్ దివాలా తీసెను. స్వాతంత్ర్య మా పట్టణమునకు ఖాళీ సైనికశాలలను, పనిలేని బిడ్డలను ఒక్కసారిగా నిచ్చినది. జాతీయవాదులమగు మేము ఈ మాట వ్రాయుటకు సంకోచింపము. జెండా మారిన దినముననే జీవనము మారదు.

పనిలేని యువకుడు ఖాళీ యింటి తలుపు తట్టుట నేరమా? చట్టము చదివినవారు అవునందురు. మేమును చదివితిమి. అయినను రాజధానియగు ల్యుబ్ల్యానాలో జరిగినది చూడుడు. అచటి మెతెల్‌కోవా సైనికశాలను తమకిమ్మని కళాకారులు 1990 నుండియు కోరుచుండిరి. 1993 సెప్టెంబరులో, గోడలు పడగొట్టుట ఆరంభమైన పిమ్మటనే, రాత్రివేళ లోపల ప్రవేశించిరి. పురపాలకులు నీటిని, విద్యుత్తును నిలిపివేసిరి. వారు కదలలేదు. మరుసటి యేడు మారిబోరు యువకులు చేసినదియు నదియే. సైన్యము విడిచిన స్థలము దేశప్రజల సొత్తు గాదా? దానికి తాళము వేసి శిథిలము కానిచ్చుటకంటె దీపము పెట్టుట మేలని మా యభిప్రాయము.

2012 లో మారిబోరు, పోర్చుగల్ లోని గిమరాయిష్ తోపాటు, ఐరోపా సంస్కృతీ రాజధానిగా నుండెను. ఏడాది పొడవున ఉత్సవములు. అదే సంవత్సరాంతమున పురపాలనపై పౌరులు వీధులకెక్కగా పురాధ్యక్షుడు రాజీనామా చేయవలసి వచ్చెను. పిలిపించిన గాయకులు పాడి పోవుదురు. గాయకుడు కాదలచిన కుర్రవాడు సాధన చేసికొనుటకు గది కావలెను. అది పెకార్నలో దొరకును. పట్టణమున కీ రెండింటిలో నేది యెక్కువ లాభమో మేము చెప్పనక్కరలేదు.

ఇక హక్కు సంగతి. ల్యుబ్ల్యానాలోనే రోగ్ అను సైకిళ్ల కర్మాగారమున 1991 లో పని యాగిపోయెను. 2006 లో యువజనులందు చేరిరి. పదునాలుగేండ్లు దాటిన పిదప, 2021 జనవరి 19 న, పురపాలక సంఘము వారిని వెడలగొట్టించి కట్టడములను కూల్పించెను. 2023 లో అచటనే తన సొంత కళాకేంద్రమును తెరచెను. కేంద్రము చక్కనిదే కావచ్చును. కాని పదునాలుగేండ్లు దానిని నిలిపినవారి మాటయేమి? అంతకు కొలదిమాసముల ముందు, 2020 అక్టోబరులో, మెతెల్‌కోవా వీధిలోని మరియొక భవనమును ఖాళీ చేయుడని సంస్కృతీ మంత్రిశాఖ అందలి సంస్థలకు తాఖీదు లిచ్చెను. ఆ సంస్థలు తలుపు పగులగొట్టి చేరినవి కావు. ఒప్పంద పత్రములు గలవే. ఇచ్చినవారి చిత్తము మారగనే రద్దు కాగల పత్రము, నోటిమాట, ఒకటే. నోటిమాటపై నిరువదేండ్లు కాపురముండి, యజమాని గతించగనే అతని కుమారునిచే సామాను వీధిని బెట్టించుకొన్న కక్షిదారులను మే మెరుగుదుము.

కాన ముప్పది యేండ్లు నిలిచిన యిట్టి సంస్థకు పురపాలకులు దీర్ఘకాలపు కౌలుపత్రము వ్రాసి యీయవలెను. అది నామమాత్రపు అద్దెతో, కారణము చూపనిదే రద్దు కానిదిగా నుండవలెను. ఎవరు పాడవలెను, ఏ నాటకమాడవలెను అను షరతు లందుండరాదు. పైకప్పు మరమ్మతు యజమానిదే. యువజనులకును ఒక బాధ్యత గలదు. స్థలము ప్రజలది గనుక జమాఖర్చుల లెక్కలు ఏటేట తలుపు ప్రక్కన గోడకు అంటింపవలెను. దారిని పోవు ముసలి మిల్లు కార్మికుడును నిలిచి చదువుకొనునట్లు, పెద్ద యక్షరములతో.