సభ్యుల జాబితా కూడా అమానతే

మన సంఘాలలో డబ్బు లెక్కకు ఉన్న పట్టింపు మనుషుల వివరాలకు లేదు. మసీదు కమిటీ కానీ, అంజుమన్ కానీ, బైతుల్‌మాల్ కానీ, విద్యార్థి సంఘం కానీ, చందా ఇచ్చినవారు రసీదు అడుగుతారు. ఏడాది చివర జమాఖర్చులు చదివి వినిపించాలంటారు. పది రూపాయల తేడా వస్తే సర్వసభ్య సమావేశంలో నిలదీస్తారు. అదే సంఘం చేతిలో వందలాది కుటుంబాల పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ నకళ్లు, ఆదాయాలు, అప్పులు, జబ్బులు, ఆడపిల్లల ఫొటోలు ఉంటాయి. అవి ఎక్కడ ఉన్నాయి, ఎవరి ఫోనులో ఉన్నాయి, ఎంతమంది చూశారు అని అడిగేవారు మాత్రం కనబడరు. నమ్మి అప్పగించిన సొమ్ము అమానత్ అయినప్పుడు, నమ్మి చెప్పిన వివరం అమానత్ కాకుండా పోతుందా?

జాబితాలే వద్దని మేము అనడం లేదు. లెక్క లేని సమాజం గొంతు ఎవరికీ వినబడదు. 2005లో నియమితమై 2006 నవంబరులో నివేదిక సమర్పించిన సచార్ కమిటీ బలమంతా అంకెలలోనే ఉంది. ముస్లింల వెనుకబాటు గురించి అంతకుముందు ఎన్ని ప్రసంగాలు జరిగినా, చదువు, ఉద్యోగం, బ్యాంకు రుణం వంటి రంగాలలో మన వాటా ఎంతో పట్టికలు చూపాకే దేశం ఆ మాటను తోసిపుచ్చలేకపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం ద్వారా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు కూడా ఏ వర్గం ఏ స్థితిలో ఉందన్న వివరాలే ఆధారమయ్యాయి. నిన్నగాక మొన్న, 2025 జూన్ 6న మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. దస్తావేజులన్నీ ఒక చోట వరుసగా పెట్టుకున్న ముతవల్లికీ, పాత కాగితాల కోసం నాలుగు ఇళ్ల పెట్టెలు వెతకవలసి వచ్చిన ముతవల్లికీ ఆ ఆరు నెలలు ఒక్కటి కావు.

కాబట్టి వివరాలు సేకరించాలి. అయితే ఎందుకు, ఎంత, ఎలా అన్నవి తెలిసి సేకరించాలి.

పేర్లతోనే మొదలుపెడదాం. షేక్ అన్న ఒక్క మాటనే ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు ఉంటుంది, మరొక కాగితంలో అసలు ఉండదు. ఆధార్‌లో బేగం అని ఉన్న తల్లి పేరు బిడ్డ పదో తరగతి మెమోలో బీ అని ఉంటుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర, పాస్‌పోర్టు దగ్గర, ఓటరు జాబితా సవరణ దగ్గర ఈ చిన్న తేడాలే కొండలవుతాయి. దూదేకుల కుటుంబం బి.సి.-బిలో, షేక్ కుటుంబం బి.సి.-ఇలో వస్తాయన్నది తెలియక ధ్రువపత్రం కోసం తిరిగేవారు ఉంటారు. సంఘం నిజంగా మేలు చేయదలచుకుంటే, ఏ కుటుంబంలో ఎవరి పేరు ఏ పత్రంలో తేడాగా ఉందో గుర్తించి సరిచేయించడం కంటే ఉపయోగకరమైన పని తక్కువ. దానికి ఆధార్ నంబరు రాసుకోనక్కరలేదు, నకలు తీసుకోనక్కరలేదు. ‘మెమోలో తల్లి పేరు వేరుగా ఉంది’ అన్న ఒక్క వాక్యం చాలు.

అజాగ్రత్తకు మూల్యం ఎవరు చెల్లిస్తారో మనకు తెలుసు. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’ పేరిట, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’ పేరిట ముస్లిం మహిళల ఫొటోలను యాప్‌లలో పెట్టి వేలం అంటూ అవమానించారు. ఆ ఫొటోలు ఎక్కడో దొంగిలించినవి కావు, ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నవే. మరి పెళ్లిసంబంధాల వేదిక పేరుతో మన సంఘాలే యువతుల ఫొటో, వయసు, చదువు, ఇంటి చిరునామా, తండ్రి ఫోను నంబరు కలిపి వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టడాన్ని ఏమనాలి? రంజాన్‌లో రేషన్ కిట్టు అందుకుంటున్న వితంతువు ముఖాన్ని ఫొటో తీసి గ్రూపులో పంచడాన్ని ఏమనాలి? దాతకు లెక్క కావాలి, నిజమే. ఎన్ని కుటుంబాలకు ఎంత ఇచ్చామో చెబితే లెక్క పూర్తవుతుంది. పేదరాలి ముఖం రసీదు కాదు.

చట్టం కూడా ఈ దారిలోనే నడుస్తున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమావళి విడుదలైంది. సమాచారం సేకరించేవారి ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలులోకి వస్తాయి. ఈ చట్టం పెద్ద కంపెనీలకే అనుకోవడం పొరపాటు. సభ్యుల వివరాలను కంప్యూటరులోనో ఫోనులోనో ఉంచే సంఘం కూడా దాని పరిధిలోకి వస్తుంది. దేనికోసం అడుగుతున్నామో ముందే చెప్పాలి. ఆ తెలియజేత ఇంగ్లీషులోనే కాక, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలలో సభ్యుడు కోరిన దానిలో అందుబాటులో ఉండాలి. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. 18 ఏళ్లు నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. సభ్యుడు తన వివరాలు చూపమన్నా, సరిచేయమన్నా, తీసేయమన్నా వినాలి. భద్రతలో నిర్లక్ష్యానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. చిన్న సంఘంపై అంత భారం పడకపోవచ్చు. కానీ మన సంఘాలను ఇబ్బంది పెట్టదలచినవారికి మన నిర్లక్ష్యం ఒక సాకు కాకూడదు.

అందుచేత ప్రతి సంఘమూ ఖర్చు లేకుండా చేయగల కొన్ని పనులను ముందుంచుతున్నాం.

ఒకటి: దరఖాస్తు ఫారం తీసి ప్రతి గడి ఎదుట ‘ఇది మనకు ఎందుకు?’ అని రాసుకోండి. జవాబు లేని గడిని కొట్టివేయండి. సభ్యత్వానికి పేరు, చిరునామా, ఒక ఫోను నంబరు సాధారణంగా సరిపోతాయి. గుర్తింపు పత్రం తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి, లేదా చూసి తిరిగి ఇచ్చేయండి.

రెండు: జాబితాలను వేరు చేయండి. సభ్యుల జాబితా వేరు, జకాత్ సహాయం పొందేవారి జాబితా వేరు, వైద్యసహాయం వివరాలు వేరు. చందా వసూలు చేసే కుర్రవాడికి ఎవరింట్లో ఏ జబ్బు ఉందో తెలియనక్కరలేదు.

మూడు: ఖాతా సంఘానిది కావాలి, కార్యదర్శిది కాదు. ఈమెయిల్, డ్రైవ్, వాట్సాప్ నంబరు ఒక వ్యక్తి సొంతవైతే, ఆయన ఊరు మారినా, అలిగినా, కన్నుమూసినా సంఘం జ్ఞాపకశక్తి ఆయనతోనే పోతుంది. సంఘం పేరిట ఖాతా తెరిచి, రెండంచెల ధ్రువీకరణ పెట్టి, కనీసం ఇద్దరు బాధ్యుల దగ్గర తాళాలు ఉంచండి. కొత్త కమిటీ వచ్చిన రోజున రసీదు పుస్తకాలతో పాటు పాస్‌వర్డులను కూడా అప్పగించి, మార్పించి, మినిట్స్ పుస్తకంలో రాయించండి.

నాలుగు: లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అన్న పద్ధతిలో ఏ పట్టికనూ ఉంచకండి. ఎవరెవరు చూడాలో పేరుపేరునా అనుమతి ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరు మిగతా అందరికీ కనబడుతుంది. మహిళా సభ్యులను అడగకుండా గ్రూపులలో చేర్చకండి. ప్రకటనలకు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడండి, సంఘం నంబరును సభ్యులు తమ ఫోనులో దాచుకుంటేనే ఆ సందేశాలు అందుతాయని చెప్పండి.

ఐదు: మూడు ప్రతులు ఉంచండి. వాటిలో రెండు వేర్వేరు రకాల సాధనాలపై ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. పాత చేతిరాత రిజిస్టర్లను, దస్తావేజులను స్కాన్ చేయండి, కానీ అసలును పారేయకండి. కోర్టులో అడిగేది అసలునే.

ఆరు: అక్కర తీరినవాటిని చెరిపివేయండి. మూడేళ్ల క్రితం ముగిసిన స్కాలర్‌షిప్ దరఖాస్తుల నకళ్లు బీరువాలో ఎందుకు? పిల్ల పేరు, తరగతి, తండ్రి నంబరు తెలిసిన మోసగాడు ‘స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పండి’ అంటే ఏ తల్లి అనుమానిస్తుంది? అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలని ప్రతి సభ్యుడికీ చెప్పి ఉంచండి.

ఇవన్నీ మనలాంటి చిన్న సంఘాలకు సాధ్యమా అని పెద్దలు అడగవచ్చు. తాతల నాటి నుంచీ ఒక్క నోటుపుస్తకంతో నడిచాం కదా అనవచ్చు. ఆ నోటుపుస్తకం ఒకరి బీరువాలో తాళం కింద ఉండేది. దానిని చూడాలంటే ఆ ఇంటికి వెళ్లి అడగాలి. నేటి పట్టిక ఒక్క వేలి తాకుడుతో వెయ్యి ఫోనులకు చేరుతుంది, తిరిగి రమ్మంటే రాదు. సాధనం మారింది కనుక జాగ్రత్త కూడా మారాలి. పెద్దల వద్ద నమ్మకం ఉంది, యువకుల వద్ద నేర్పు ఉంది. డిగ్రీ చదువుతున్న అమ్మాయినో అబ్బాయినో ఈ బాధ్యతకు నియమించి, వారిపై ఒక పెద్ద పర్యవేక్షణ ఉంచితే రెండూ కలుస్తాయి.

మరో మాట దాచనవసరం లేదు. 2019 చివర పౌరసత్వ చట్ట సవరణ, ఎన్.ఆర్.సి. చర్చ మొదలైన నాటి నుంచి ఎవరు వివరాలు అడిగినా మన ఇళ్లలో అనుమానం ముందు తలుపు తీస్తున్నది. ఆ భయం నిరాధారమని మేము అనం. కానీ సొంత సంఘానికి కూడా తలుపు తీయని రోజు వస్తే, చదువు మానిన పిల్ల ఎవరో, పింఛను అందని వృద్ధురాలు ఎవరో, ఓటు గల్లంతైన కుటుంబం ఏదో మనకే తెలియకుండా పోతుంది. నమ్మకం ప్రసంగాలతో రాదు. మీ వివరాలు ఇదిగో ఇక్కడ ఉన్నాయి, వీరిద్దరే చూడగలరు, వద్దంటే నేడే తీసేస్తాం అని చెప్పగలిగిన సంఘానికే అది దక్కుతుంది.

వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఆదాయ వ్యయాల తర్వాత ఒక అంశం చేర్చండి: సభ్యుల వివరాల లెక్క. ఏమేమి ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, ఎవరి చేతిలో ఉన్నాయి. ఈ మూడు ప్రశ్నలను ఒక సభ్యుడు లేచి అడిగితే చాలు. అడిగినవారిని అనుమానపరులుగా చూడకండి. రసీదు అడిగినవారిని అలా చూడం కదా!