కోపం వెనుక రాగి

చక్కగా చదువుకునే పదిహేనేళ్ల పిల్లవాడు ఉన్నట్టుండి మొండికేస్తాడు. మార్కులు పడిపోతాయి, చేతిరాత వంకరలు పోతుంది, ఊరకనే ఏడుస్తాడు, తల్లిమీదికి చెయ్యెత్తుతాడు. ఊరివారు చెడు సావాసమంటారు, కొందరు గాలి సోకిందంటారు. ప్రార్థనకని మా వద్దకు తెచ్చేవారూ ఉన్నారు. ప్రార్థిస్తాము. దానితోపాటు అడుగుతాము: చేతులు వణుకుతున్నాయా? మాట ముద్దగా వస్తున్నదా? ఎప్పుడైనా పచ్చకామెర్లు వచ్చాయా?

ఎందుకనగా విల్సన్ వ్యాధి అని ఒకటున్నది. 1912లో లండన్ వైద్యుడు కిన్నియర్ విల్సన్ దీనిని వివరించాడు. ఆహారంలోని రాగిలో మిగులును కాలేయం బయటికి పంపలేదు. అది కాలేయంలోను, మెదడులోను పేరుకుంటుంది. (రాగిచెంబు నీళ్లవల్ల వచ్చేది కాదు, పుట్టుకతో ఉన్న లోపం.) కొందరిలో వణుకుకంటే ముందే మనసు మారుతుంది. మెదడుకు పాకినవారిలో చాలామందికి నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపిస్తుంది. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చూస్తారు. రక్తంలో సెరులోప్లాస్మిన్, ఒకరోజు మూత్రంలో రాగి కొలుస్తారు.

ఉపవాస ప్రార్థనలు ముగిశాక ఆసుపత్రి సంగతి చూద్దామనుటను మేము ఒప్పుకొనము. ఆ వారాలలోనూ రాగి పేరుకుంటూనే ఉంటుంది. 1956లో జాన్ వాల్ష్ అనే వైద్యుడు పెనిసిలమిన్ మందుతో దీనికి చికిత్స చూపాడు. జింకు కూడా ఇస్తారు. త్వరగా మొదలుపెడితే మేలు. జీవితాంతం వాడాలి, బాగైందని మానితే ప్రాణాపాయం.

తల్లి నుండి, తండ్రి నుండి కూడా లోపం వస్తేనే ఈ జబ్బు. కనుక మేనరికపు సంబంధాలున్న మన ఇండ్లలో ముప్పు ఎక్కువ. ఒక బిడ్డకు తేలితే, తోడబుట్టిన ప్రతివారికి నాలుగింట ఒక వంతు అవకాశముంది. ఆరోగ్యంగా ఆడుకుంటున్నా వారికీ పరీక్ష చేయించండి.