గ్యాలరీలో కుర్చీ ఉంది, రాకెట్‌లో చోటేదీ?

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాన్ని జనం కళ్లారా చూసేందుకు 2019లో గ్యాలరీ తెరిచారు. అయిదు వేల మంది కూర్చునే ఏర్పాటు. కౌంట్‌డౌన్ ముగుస్తుంది, నేల అదురుతుంది, నిప్పులు కక్కుతూ లేచిన రాకెట్ కొద్ది నిమిషాల్లో కంటికి ఆనకుండా పోతుంది, పిల్లల్ని తెచ్చిన బస్సులు వెనక్కి మళ్లుతాయి. ఆ పులకింతను తీసిపారేయలేం. తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో వేసవిలో రెండు వారాల పాటు నడిపే యువికా శిబిరమూ మంచిదే. కానీ దేశపు చదువుకు అంతరిక్ష సంస్థ చేయగల సాయంలో చూపించడమన్నది మొదటి మెట్టు. తన పనిలో కొంత విశ్వవిద్యాలయాల చేతికిచ్చి, వాళ్లు తెచ్చే ఫలితం మీద తాను ఆధారపడటం అసలు సాయం. అలా ఆధారపడ్డప్పుడు ఇస్రోకు మేలే జరిగిందని రుజువులున్నాయి. అయినా దాన్ని ఒక నియమంగా పెట్టుకోలేదన్నదే ఇక్కడి ఫిర్యాదు.

నిజానికి మన అంతరిక్ష పరిశోధన పెరిగిందే చదువుల ముంగిట్లో. 1947లో విక్రమ్ సారాభాయ్ అహ్మదాబాద్‌లో మొదలుపెట్టిన భౌతిక పరిశోధన ప్రయోగశాల తొలినాళ్లలో ఒక సైన్సు కళాశాల గదుల్లోనే నడిచింది. 1963 నవంబరు 21న తుంబా నుంచి లేచిన మొదటి రాకెట్ వెళ్లింది కూడా పై వాతావరణాన్ని చదవడానికే. 1972లో ఇస్రో పగ్గాలు అందుకున్న సతీశ్ ధవన్ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టర్ పదవిని వదులుకోలేదు; 1981 దాకా రెండు బాధ్యతలూ మోశారు. 1970లలోనే మొదలైన రెస్పాండ్ పథకం కింద వర్సిటీ ఆచార్యులకు పరిశోధన ప్రాజెక్టులు, పరికరాలకు డబ్బు, పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్పులు ఇస్తున్నారు. తరవాత ఐఐటీల్లో అంతరిక్ష సాంకేతిక విభాగాలు వచ్చాయి. 2007లో తిరువనంతపురంలో ఇస్రోకు సొంత విద్యాసంస్థే ఏర్పడింది. దక్షిణాదికి ప్రాంతీయ విద్యా కేంద్రం సూరత్కల్ ఎన్ఐటీలో ఉంది. వీటిలో దేన్నీ కాదనలేం. అయితే ఐఐటీకి విభాగం, తనకు కావలసిన ఇంజనీర్లకు సొంత కళాశాల, మిగిలిన వందల రాష్ట్ర వర్సిటీలకు దరఖాస్తు ఫారం - ఇలా సాగిన ఈ వడ్డనలో పంక్తి చివర కూర్చున్నదెవరో చెప్పనక్కర్లేదు.

పంక్తి చివరివాళ్లకు పని అప్పగిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో నాలుగెకరాలకు పైగా పరుచుకున్న రాడార్ ఒకటుంది. తిరిగే గిన్నె ఉండదు. నేల మీద వరసగా నాటిన 1,024 యాంటెన్నాలు 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, గాలి పొరల్లోని అలజడి నుంచి తిరిగొచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని పట్టుకుంటాయి. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో పై గాలులు ఎలా వీస్తాయో ఇలాంటి సాధనం లేకుండా ఎడతెగక కొలవడం కష్టం. 1980లలో మధ్య వాతావరణం మీద దేశవ్యాప్తంగా జరిగిన పరిశోధన కార్యక్రమం నుంచి ఈ ఆలోచన పుట్టింది. అనేక ప్రభుత్వ శాఖలు కలిసి డబ్బు పెట్టాయి, అంతరిక్ష శాఖ పెద్దరికం వహించింది. ముఖ్యమైన సంగతేమిటంటే దీన్ని కట్టేటప్పుడే జాతీయ సదుపాయంగా, అంటే ఎక్కడి పరిశోధకుడైనా సమయం అడిగి వాడుకునేదిగా తలపెట్టారు. పక్కనే ఉన్న శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి దీని ఆధారంగా ఎన్నో సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఈ పెరటి చెట్టు పనికొచ్చింది.

విమానాల కోసం ఉపగ్రహ సంకేతాలను దిద్దే గగన్ వ్యవస్థ కథ ఇంకా సూటిగా ఉంటుంది. విమానాలకు దారి చూపే ఉపగ్రహ సంకేతాలు వాతావరణపు పై పొర అయిన అయనోవరణం గుండా వచ్చేటప్పుడు ఆలస్యమవుతాయి. ఎంత ఆలస్యమో లెక్క కట్టి దిద్దకపోతే విమానం ఎత్తు తప్పుగా కనిపిస్తుంది. అమెరికా, ఐరోపాలు తమ ఆకాశానికి వేసుకున్న లెక్క మన ఆకాశానికి సరిపోదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణాది మీదుగా పోతుంది కాబట్టి ఇక్కడ సాయంత్రం దాటాక ఆ పొర ఉడుకుతున్న గంజిలా బుడగలెత్తుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి దేశమంతా రిసీవర్లు పెట్టి ఏళ్ల తరబడి కొలతలు తీయాల్సి వచ్చింది. ఆ పనిలో విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని ఉస్మానియా పాలుపంచుకున్నాయి. అయనోవరణాన్ని దశాబ్దాలుగా చదువుతున్న ఆచార్యులు విశాఖలో అప్పటికే ఉన్నారు గనక ఇస్రోకు ఆ నైపుణ్యం సిద్ధంగా దొరికింది. ఏ తక్షణ ప్రయోజనమూ లేదనిపించిన శాస్త్రం తరవాతెప్పుడో విమానాశ్రయానికి అక్కరకొచ్చింది. వర్సిటీలకు ఇచ్చే పరిశోధన నిధిని దానధర్మాల పద్దులో రాసే అధికారులు ఈ ఒక్క ఉదాహరణ చదివితే చాలు.

విద్యార్థి ఉపగ్రహాల సంగతికొస్తే ఆరంభం ఘనంగానే జరిగింది. అన్నా విశ్వవిద్యాలయం తయారుచేసిన అనుశాట్ 2009 ఏప్రిల్ 20న వెళ్లింది. కిలో బరువు కూడా లేని స్టడ్‌శాట్ 2010 జులై 12న వెళ్లింది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లలోని ఏడు ఇంజనీరింగ్ కళాశాలల పిల్లలు కలిసి చేసిన పెట్టె అది. ఆ వరసలో ఐఐటీ బొంబాయి విద్యార్థుల ప్రథమ్ కూడా ఉంది. పని మొదలైంది 2007లో, నింగికెగిరింది 2016 సెప్టెంబరు 26న. తొమ్మిదేళ్లు! మొదటి బొమ్మ గీసిన కుర్రవాడు పట్టా పుచ్చుకుని, ఉద్యోగంలో చేరి, బహుశా పెళ్లి కూడా చేసుకుని ఉంటాడు. ఉన్నవాళ్లలో పట్టుదల గలవాళ్లకు ఇది పోటీలా నడిచింది. పాఠ్యక్రమంలో భాగమై, ఏటా కొత్త జట్టు అందుకునే పనిగా స్థిరపడలేదు. 2011లో రష్యాతో కలిసి పంపిన యూత్‌శాట్‌ను చూడండి. పేరులోనే యువత ఉంది. అందులో రష్యా వైపు పరికరం మాస్కో విశ్వవిద్యాలయానిది. మన వైపు రెండు పరికరాలూ ఇస్రో సొంత కేంద్రాలవి.

2008లో వెళ్లిన చంద్రయాన్-1 ఇదే పాఠాన్ని మరింత నొప్పి కలిగేలా చెప్పింది. చంద్రుడి నేల మీద నీటి జాడల్ని పట్టుకున్న ఎం3 పరికరం నాసా పంపినది. దాని ముఖ్య పరిశోధకురాలు బ్రౌన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు కార్లే పీటర్స్. బండి మనది, దారి మనది, పతాక శీర్షికకెక్కిన ఫలితం ఒక అమెరికన్ వర్సిటీది. అందులో అన్యాయమేమీ లేదు, సహకారమంటే అదే. కాని ఒక ఆచార్యుడి చేతికి గ్రహయాన పరికరాన్ని అప్పగించడం అక్కడ మామూలు సంగతి. ప్లూటో వైపు 2006లో బయల్దేరిన న్యూ హొరైజన్స్‌లో దుమ్ము కణాలను లెక్కించే పరికరాన్ని కొలరాడో విశ్వవిద్యాలయ విద్యార్థులు తయారుచేశారు. పాత విద్యార్థులు వెళ్లిపోతే కొత్తవాళ్లు ఆ కొలతలు అందుకుంటూ వచ్చారు. నాసా విద్యా విభాగానికి 2024లో దక్కిన 14.3 కోట్ల డాలర్లు నాసా మొత్తం బడ్జెట్లో అర శాతాన్ని కాస్త దాటుతాయి. ఆ మాత్రం విభాగాన్ని కూడా ఎత్తేయాలని 2025లో శ్వేతసౌధం ప్రతిపాదించింది. చదువుకు విడిగా ఒక కార్యాలయం పెడితే కత్తెర ముందుగా దాని మీదే పడుతుందని దీన్ని బట్టి నేర్చుకోవాలి. యాత్ర ఖర్చులోనే విద్యార్థి పరికరం కలిసిపోయి ఉంటే విడదీయడం అంత తేలిక కాదు.

పిల్లల చేతి పెట్టె వల్ల వందల కోట్ల యాత్ర చెడిపోతే బాధ్యులెవరని ఇంజనీర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఇస్రోయే కనిపెట్టింది. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ అసలు ఉపగ్రహాన్ని వదిలేశాక ఒకప్పుడు చెత్తగా తిరిగేది. ఇప్పుడు దానికి సౌర ఫలకాలు తగిలించి, నిలకడగా ఉంచి, ప్రయోగ వేదికగా వాడుతున్నారు. దాని పేరు పోయెమ్. అసలు పని అయిపోయాక మొదలయ్యే వేదిక కాబట్టి విద్యార్థి పరికరం మొరాయించినా నష్టం ఆ పరికరం వరకే. 2024 డిసెంబరు 30న వెళ్లిన పోయెమ్-4లో 24 పరికరాలున్నాయి. బెంగళూరు ఆర్‌వీ ఇంజనీరింగ్ కళాశాల పిల్లలు సూక్ష్మజీవుల మీద చేసిన ప్రయోగం వాటిలో ఒకటి. అదే ఏడాది జనవరి 1న తిరువనంతపురంలోని ఒక మహిళా ఇంజనీరింగ్ కళాశాల అమ్మాయిలు చేసిన వీశాట్ వెళ్లింది. ఇక ప్రమాదం ఎటు నుంచైనా రావచ్చు. 2022 ఆగస్టు 7న 750 మంది బాలికలు కూర్చిన ఆజాదీశాట్ పోయింది పిల్లల తప్పు వల్ల కాదు, చిన్న రాకెట్ దాన్ని సరైన కక్ష్యలో పెట్టలేకపోవడం వల్ల.

చదువు చెప్పడం యూజీసీ పని, ఇస్రో రాకెట్లు చూసుకుంటే చాలదా అనే మాట కూడా వినిపిస్తుంది. ఈ వాదనకు బలమిచ్చే అనుభవం లేకపోలేదు. 2004 సెప్టెంబరు 20న విద్య కోసమే ప్రత్యేకంగా ఎడ్యుశాట్‌ను పంపారు. ఉపగ్రహం పైన బాగానే పనిచేసింది. కింద పాఠాలు సిద్ధం కావడం, తెరలు అమర్చడం, వాటిని చూసుకోవడం వెనకబడ్డాయి. 2013లో కాగ్ ఆ నిర్వాకాన్ని తప్పుబట్టింది. కానీ అక్కడ విఫలమైంది ఆకాశం నుంచి పాఠం కిందికి పోయాలన్న పద్ధతి. ఇక్కడ అడుగుతున్నది అందుకు తలకిందులైనది: కింద నుంచి పైకి పని వెళ్లాలి. ఆస్ట్రోశాట్‌లో అది జరిగింది. 2015లో వెళ్లిన ఆ ఖగోళ వేధశాలలో పరిశీలన సమయం కోరుతూ దేశంలో ఏ వర్సిటీ పరిశోధకులైనా ప్రతిపాదన పంపొచ్చు. చంద్రయాన్ సమాచారమూ ఇస్రో పోర్టల్‌లో దొరుకుతుంది. శ్రీకాకుళం డిగ్రీ కళాశాల అధ్యాపకుడు కూడా పేరు నమోదు చేసుకుని దించుకోవచ్చు. డబ్బు మాటకొస్తే అంతరిక్ష శాఖకు ఏటా సుమారు 13 వేల కోట్లు వస్తున్నాయి. నాసా మాదిరి అందులో అర శాతమంటే 65 కోట్లు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మన ఇంటి నుంచే వస్తుంది. రాష్ట్ర వర్సిటీల్లో ఆచార్యుల పోస్టులు ఖాళీ, ప్రయోగశాలల్లో సామాను పాతబడింది, ఇస్రో పని ఇచ్చినా అందుకునే చెయ్యి ఎక్కడుందంటారు. నిజం, దీన్ని దాటవేయడం కుదరదు. ఒక అయనోవరణ నిపుణుడు పదవీ విరమణ చేసి, ఆ స్థానం పదేళ్లు నిండకపోతే పోయేది ఒక జీతం కాదు, ఒక పరంపర. ఆ తప్పు ఇస్రోది కానే కాదు, రెండు తెలుగు ప్రభుత్వాలది. అయితే ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వర్సిటీ బాగుపడ్డాక చూద్దామని ఇస్రో కూర్చుంటే అది ఎప్పటికీ బాగుపడదు. బయటి నుంచి గడువున్న పని, దాన్ని అడిగే సంస్థ ఉంటేనే నియామకానికి ఒత్తిడి పుడుతుంది. గాదంకి రాడార్ రాకముందు తిరుపతిలో కూడా ఆ చెయ్యి సిద్ధంగా లేదు. పని వచ్చాక తయారైంది.

కాబట్టి కోరికలు పెద్దవేమీ కావు. ప్రతి పోయెమ్‌లోనూ రెండు స్థానాలు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకే ఉంచి, ఏ ఏడాది ఎగురుతుందో ముందే రాసివ్వాలి. ప్రతి గ్రహయాన ప్రకటనలోనూ విద్యార్థి పరికరానికి కొన్ని కిలోల బరువు, కొన్ని వాట్ల విద్యుత్తు కేటాయించాలి. 2028 మార్చిలో బయల్దేరాల్సిన శుక్ర యాత్రకు పరికరాల పిలుపు 2017లోనే వెళ్లింది. ఈ రంగంలో ఆలస్యమంటే దశాబ్దం. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ఉపకులపతులు ముగ్గురూ కలిసి ఒక ఉత్తరం రాసి, దానికి తమ దగ్గర ఖాళీగా ఉన్న భౌతికశాస్త్ర పోస్టుల్ని ఎప్పటిలోగా నింపుతారో జతచేసి, ఇస్రో చైర్మన్‌కు ఈ విద్యా సంవత్సరంలోనే పంపాలి.