కలియని పొరలు - కరగిన నిషేధము

చిల్లర దుకాణములలో వ్రేలాడు సన్నపు పొట్లములు మన కాలువలను పూడ్చుచున్నవి. పాతసామానుల వర్తకుడు సీసాను కొనును, పాలప్యాకెట్టును గూడ కొనును. ఈ పొట్లమును మాత్రము ముట్టడు. ఏలనన, అందు పాలియెస్టరు, పాలిథిలీను మున్నగు భిన్నజాతుల పొరలు ఒకదానిపై నొకటి అంటింపబడి యుండును. కరగించినను అవి కలియవు.

వేఱుజాతుల మాట యటుండ, అన్నదమ్ములవంటి పాలిథిలీను, పాలీప్రొపిలీనులకే పొత్తు కుదరదు. రెండును కర్బన, ఉదజనులతో నేర్పడినవే. రెండును నీటిపై తేలునవే. (కావున నీటిలో వేసి విడదీయుటయు సాధ్యము కాదు.) రెంటిని కలిపి పోతపోసినచో, చల్లారిన పిమ్మట ఒకటి రెండవదానిలో బొట్లుబొట్లుగ విడివడి, ఆ సరిహద్దులవెంట చిట్లిపోవును. చిన్న అణువులు కలిసినపుడు వానికి గలుగు స్వేచ్ఛ మిక్కుటము. వేలకొలది లంకెలుగల గొలుసులకు ఆ లాభము అత్యల్పము. 1941-42 సంవత్సరములలో ఫ్లోరీ, హగ్గిన్సు అను శాస్త్రజ్ఞులు దీనిని గణితముతో నిరూపించిరి.

పిదప రసాయనశాస్త్రజ్ఞులు మధ్యవర్తిని కనుగొనిరి. కొంతభాగము ఒకజాతికిని, కొంతభాగము రెండవజాతికిని చుట్టమైన గొలుసును చేర్చినచో, అది సరిహద్దున నిలిచి రెంటిని కుట్టివేయును. 2017లో కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయములవారు నాలుగు ఖండముల గొలుసు నొకదానిని నిర్మించి, నూటికి ఐదుపాళ్లకు మించకుండ చేర్చి, పెళుసైన పాలిథిలీను-పాలీప్రొపిలీను మిశ్రమమును సాగునట్టి గట్టిపదార్థముగ మార్చిరి.

ఇక మన చట్టము సంగతి. మరల కరగించి వాడుటకు వీలుకాని బహుళపొరల ప్లాస్టిక్కును రెండేండ్లలో మాన్పింపవలెనని 2016 నియమములు శాసించెను. గడువు ముగియుచున్న 2018లో ఆ వాక్యమే సవరింపబడెను: ఇంధనముగ మండుటయు, వేఱొక వినియోగమునకు వచ్చుటయు లెక్కలోనికి వచ్చినవి. సిమెంటు బట్టీలో మండని ప్లాస్టిక్కు ఏది? నిషేధము పేరునకు మిగిలెను.

భారమంతయు శాస్త్రముపై మోపుటయు తగదు. ఏ మధ్యవర్తియు అన్ని జాతులకు పొసగదు. ఏ జంటకు ఆ జంటకే వేఱుగ కూర్పవలెను. పొట్లములో నేయే జాతులున్నవో తెలియనిదే, ఏది చేర్చవలెనో ఎవ్వరెఱుగుదురు? అల్యూమినియపు రేకు నంటించినవానికి ఇది మందే కాదు. కావున పొరల జాతులను పొట్లముపై అచ్చొత్తింపవలెను. రెండు జాతులకు మించి వాడనీయరాదు. మధ్యవర్తి వెలను తయారుదారులే భరింపవలెను. 2022 మార్గదర్శకములు వారి బాధ్యతను ఒప్పుకొనుచునే, మరల వాడుటకు రానివానిని బట్టీకి పంప ననుమతించినవి. రానివానిని చేయుచున్నవారును వారే గదా!