ఈ నిప్పుకు నీళ్ళు మందు కాదు

2017 నవంబరు 13న హైదరాబాదులో, జూబ్లీహిల్స్ దాపున ఉన్న అన్నపూర్ణ స్టూడియోలో ‘మనం’ చిత్రానికి వేసిన సెట్టు అగ్నికి ఆహుతయింది. ఫైరింజన్లు వచ్చి మంటలార్పాయి. ప్రాణనష్టం జరగలేదు. కర్ర, గుడ్డ అంటుకుంటే నీళ్ళతో ఆర్పవచ్చు. కాని నీళ్ళకు లొంగని నిప్పు కూడా ఒకటుంది.

సినిమావారికి అది కొత్త కాదు. ఫిలింనగర్ వెలియక పూర్వం, 1950ల తొలినాళ్ళ వరకు, సినిమా రీళ్ళు నైట్రోసెల్యులోజుతో తయారయ్యేవి. మండడానికి కావలసిన ప్రాణవాయువు ఆ పదార్థంలోనే ఉంటుంది. అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. 2003 జనవరి 8న పూనాలో జాతీయ ఫిలిం ఆర్కైవ్స్ వారి అలాంటి పాత రీళ్ళు ఎన్నో కాలి బూడిదయ్యాయి.

పల్లెటూరివారికి ఈ గొడవ దేనికని అనుకోరాదు. మన పిల్లలు చదివే కళాశాలల లాబొరేటరీలలోనూ ఇంతటి మొండి పదార్థాలున్నాయి. సోడియం ముక్కను కిరసనాయిలులో ముంచి ఉంచేది ఊరికే కాదు. నీరు తగిలితే దాని నుంచి హైడ్రోజన్ వాయువు పుట్టి, ఆ వేడికే భగ్గున మండుతుంది. కంగారులో ఎవరైనా చెంబెడు నీళ్ళు పోస్తే మంట పెరుగుతుందే గాని తగ్గదు. ముక్కలు ఎగిరి కళ్ళలో పడే ప్రమాదమూ ఉంది. దీనిని ఆర్పవలసింది పొడి ఇసుకతో. ఇసుక తడిసి ఉంటే అదీ ముప్పే.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. లాబొరేటరీలో మూత ఉన్న బకెట్టు నిండా పొడి ఇసుక ఉంచాలి. సోడియం సీసాను వాన కురిసే కప్పు కింద గాని, నీళ్ళ కుళాయి పక్కన గాని పెట్టరాదు. ప్రయోగానికి చిన్న ముక్క మాత్రమే తీయాలి. మిగిలిన తునకలను తొట్టిలో పారవేయరాదు. కళ్ళద్దాలు లేనిదే, మాస్టారు దగ్గర లేనిదే విద్యార్థి చేత ముట్టించరాదు.

ప్రాక్టికల్ పరీక్షలకు వచ్చే అధికారులు మార్కుల కాగితాలతో పాటు ఆ ఇసుక బకెట్టును కూడా చూసి వెళ్ళాలి. తల్లిదండ్రులు ఫీజు కట్టే రోజున లోపలికి వెళ్ళి అడగాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లని సామెత. ఇక్కడ బావి ముందే తవ్వి ఉంచినా లాభం లేదు. కావలసింది పిడికెడు పొడి ఇసుక, ముందుచూపు.