మా ముక్క మాకు చూపండి

"ముక్క యాడుందన్నా?" అని అడిగాడు వెల్డరు. "తుక్కులోకి పోయిందప్పా, ఇంగా యాడుంటాది" అని జవాబొచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ వెల్డింగ్ షాపులవాళ్లు ఈ ప్రకటన కింద సంతకాలు పెట్టడానికి ఆ రెండు మాటలే కారణం.

జరిగింది ఇది. నంద్యాలలోని ఒక షాపుకు ఒక సర్టిఫికేషన్ సంస్థ తరఫున ఆడిటరు వచ్చాడు. షాపు తిరిగాడు, రిజిస్టర్లు తిరగేశాడు, వెల్డరు చేత టెస్టు ప్లేటు వేయించాడు. ఆ ప్లేటును ఊరు దాటించి, కోసి, పట్టీలు తీసి వంచితే ఒక పట్టీ మీద చీలిక కనబడిందట. ఆ పట్టీయే వెల్డరు అడిగిన ముక్క. వంచినప్పుడు వెల్డరు అక్కడ లేడు, యజమానీ లేడు. సర్టిఫికెట్ సస్పెండయింది. యజమాని అప్పీలు పెట్టుకున్నాడు. నెలలు గడిచాక ఒకే ఒక్క వాక్యం వచ్చింది: పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు. కింద సంతకం చూస్తే ఆడిటుకు వచ్చిన మనిషిదే! ఆలోగా చేతిలో ఉన్న ఆర్డరు వేరే ఊరికి పోయింది.

ఆ సంస్థ పేరు ఇందులో రాయకూడదని సంతకాలు పెట్టినవాళ్లంతా అనుకున్నారు. పేరు రాస్తే ఇది ఒక సంస్థ మీద కోపంగా మిగిలిపోతుందని వాళ్ల భయం.

ఈ షాపుల సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కర్నూలు నుంచి కడపకు పోయే హైవే వెంట ట్రాక్టరు ట్రాలీలు, గొర్రులు, రైస్ మిల్లుల హాపర్లు, బకెట్ ఎలివేటర్లు చేసి బతికినవాళ్లు వీళ్లు. ట్రాలీ అతుకు ఊడితే రైతు మర్నాడు పొద్దున్నే షాపు ముందు నిలబడతాడు. అదే వీళ్లకు తెలిసిన ఫిర్యాదు విధానం. పెద్ద కాంట్రాక్టర్ల పనికి పోయేసరికి ఐఎస్ఓ 3834 కావాలన్నారు. వెల్డింగ్ చేసే సంస్థ నాణ్యతను కొలిచే అంతర్జాతీయ ప్రమాణం అది. వెల్డింగ్ పర్యవేక్షకుడు ఉండాలి, పని విధానం కాగితం మీద ఉండాలి, వెల్డర్లు ఐఎస్ఓ 9606 కింద టెస్టు పాసై ఉండాలి, రాడ్లు పొడిగా దాచాలి, మీటర్లకు కాలిబ్రేషన్ ఉండాలి. వీటిలో ఒక్కదానికీ ఈ షాపులు అడ్డం చెప్పలేదు. అప్పు చేసి ఓవెన్లు కొన్నారు, రిజిస్టర్లు రాయడం నేర్చుకున్నారు.

తగాదా అప్పీలు దగ్గర వచ్చింది. సర్టిఫికేషన్ సంస్థలు పాటించాల్సిన ఐఎస్ఓ/ఐఈసీ 17021-1లో ఈ విషయం వివరంగానే ఉంది. ఆడిట్ చేసినవాళ్లు, నిర్ణయం తీసుకున్నవాళ్లు అప్పీలు విచారణలో ఉండకూడదు. అప్పీలు అందిందని చెప్పాలి, ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, చివర ఫలితం చెప్పాలి. అప్పీలు పెట్టుకున్నందుకు వివక్ష చూపకూడదు. అప్పీలు ఎలా నడుస్తుందో ఎవరైనా చూసుకునేలా ఉంచాలి. ఉత్పత్తులకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల ప్రమాణం 17065 ఇంకో అడుగు ముందుకేసింది: ఒక కంపెనీకి కన్సల్టెంటుగానో ఉద్యోగిగానో పనిచేసిన మనిషి రెండేళ్లు గడవకుండా ఆ కంపెనీ అప్పీలు మీద కూర్చోకూడదంది. ఇంత రాసినవాళ్లు ఒక్కటి వదిలేశారు. ఎన్ని రోజుల్లో తేల్చాలో అంకె లేదు.

ఆ అంకె లేకపోవడం షాపుకు ప్రాణం మీదికి వస్తుంది. 17021-1 ప్రకారం సస్పెన్షన్ మామూలుగా ఆరు నెలలు దాటకూడదు. ఆలోగా లోపం సరిదిద్దుకోకపోతే సర్టిఫికెట్ రద్దు చేయాలి, లేదా పరిధి తగ్గించాలి. అంటే శిక్షకు గడువుంది, విచారణకు లేదు. అప్పీలు ఏడో నెలలో నెగ్గినా షాపు అప్పటికే మూతబడి ఉంటుంది. సమాచార హక్కు చట్టంలో మొదటి అప్పీలును 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలని 2005లోనే రాశారు. ఒక కాగితం కోసం పెట్టే అప్పీలుకున్న గడువు బతుకుతెరువు కోసం పెట్టే అప్పీలుకు లేదు.

ఫిర్యాదుల సంగతీ ఇంతే. అప్పీలు పెట్టేది సర్టిఫికెట్ కోరిన కంపెనీ. ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు, పోటీ షాపువాడైనా సరే. చేసినవాడి పేరు గోప్యంగా ఉంచితే తప్పులేదు. ఏం ఫిర్యాదు చేశాడో కూడా చెప్పకుండా తనిఖీకి దిగితే ఎలా? ఫిర్యాదును తగిన సమయంలో ఆ కంపెనీ ముందు పెట్టాలని ప్రమాణమే చెబుతోంది.

ఇవన్నీ పక్కన పెట్టినా సంతకాలు పెట్టినవాళ్లు వదలనిది ఒక్కటుంది. ముక్క.

వెల్డరు వేసిన ప్లేటే ఈ వ్యవహారంలో అసలు సాక్ష్యం. ఐఎస్ఓ 9606-1 ప్రకారం పట్టీని 180 డిగ్రీలు వంచినప్పుడు ఏ దిక్కున కొలిచినా 3 మిల్లీమీటర్లకు తక్కువ ఉన్న లోపం పాసు. 3 వచ్చిందంటే ఫెయిలు. అంచుల్లో వచ్చిన చీలిక లెక్కలోకి రాదు, దానికి స్లాగో, వేరు దాకా దిగని వెల్డో కారణమైతే తప్ప. ఇంత సన్నటి గీత మీద మనిషి పనితనం తేలుతుంది. ఆ చీలిక అంచుదా, నడుమదా? రెండున్నరా, మూడున్నరా? కొలవాలంటే ముక్క ఉండాలి. ముక్క తుక్కులో కలిశాక అప్పీలు మీద కూర్చునే పెద్దమనిషి దేన్ని చూసి తీర్పు చెబుతాడు? మొదటి ఆడిటరు రాసిన రిపోర్టునే. అంటే ఎవరి మీద అప్పీలో వాళ్ల మాటే సాక్ష్యం.

ఇంకో సంగతి. 7018 రకం వెల్డింగ్ రాడ్డు చెమ్మ పీలిస్తే ఎంత చేయి తిరిగిన వెల్డరు వేసినా వెల్డులో బుడగలు వస్తాయి, హైడ్రోజన్ చేరి పగుళ్లు పుడతాయి. అందుకే దాన్ని 300 డిగ్రీల పైన కాల్చి, వేడిగా ఉండగానే వాడతారు. నంద్యాల టెస్టులో రాడ్ల ప్యాకెట్టు ఆడిటరు వెంట వచ్చింది. ముసురు రోజుల్లో, అప్పటికే విప్పి ఉన్న ప్యాకెట్టు. ఫెయిలవడానికి వెల్డరు చేయి కారణం కాదని, లోహమో మరేదో బయటి కారణమో ఉందని తేలితే మళ్లీ టెస్టు పెట్టాలని 9606-1 స్పష్టంగా చెబుతోంది. అది తేల్చగలిగింది ఆ ముక్కను ల్యాబులో చూసినవాళ్లే. ముక్కను పారేసినవాళ్లు వెల్డరుకున్న ఆ హక్కును కూడా పారేశారు.

సీబీఎస్ఈ కేసులో 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు, దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి చూసుకోవచ్చని తీర్పిచ్చింది. ప్రైవేటు సర్టిఫికేషన్ సంస్థకు ఆ చట్టం నేరుగా వర్తించదని సంతకాలు పెట్టినవాళ్లకు తెలుసు. అయినా పదో తరగతి పిల్లవాడికి తన పేపరు మీద ఉన్నపాటి హక్కు, ముప్పై ఏళ్లు కళ్లు మండించుకున్న వెల్డరుకు తన ముక్క మీద ఎందుకుండదు? ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర చూడండి. విగ్రహం ఆర్డరిచ్చినవాళ్లు వచ్చి చుట్టూ తిరిగి చూస్తారు. ముక్కు వాలిందంటే రాయి ముందు నిలబడే అంటారు, శిల్పి ఆ రాయి ముందు నిలబడే జవాబు చెబుతాడు.

కాబట్టి ఇది వినతిపత్రం కాదు. ఫెయిలన్న ప్రతి ముక్క మీదా నంబరు పంచ్ కొట్టాలి. వెల్డరు కళ్లెదుట వంచాలి. అప్పీలు ముగిసేదాకా సీలు వేసి దాచాలి. అడిగితే ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో మళ్లీ పరీక్షకు ఇవ్వాలి. 2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలలో అందరూ చూస్తుండగా ముక్క వంచే ప్రెస్సు ఒకటి నిలబడాలి. కుందూ గట్టు నుంచి అహోబిలం కొండ దాకా వేసిన ప్రతి అతుకు మీదా వేసినవాడి నంబరు ఉండాలి, కాదన్న ప్రతి అతుకు మీదా కాదన్నవాడి నంబరు కూడా ఉండాలి. వేలెత్తి చూపినవాడే తీర్పరి అయ్యే రోజులు ఈ రెండు ఊళ్లలో చెల్లిపోవాలి.

మిగతావి రెండు మాటల్లో: కారణం తెలుగులో రాసివ్వాలి. 45 రోజుల్లో తేల్చాలి. ఆడిట్ చేసినవాడు విచారణ గదిలో అడుగు పెట్టకూడదు. అప్పీలు నడుస్తున్నంతకాలం సస్పెన్షన్ గడువు లెక్క ఆపాలి.

ఈ కాగితం ప్రతులు సర్టిఫికేషన్ సంస్థలకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీసీబీకీ, జిల్లా పరిశ్రమల కేంద్రానికీ వెళ్తున్నాయి. సంతకాలు పెట్టిన షాపుల్లో ఇకమీదట టెస్టు ప్లేటు రెండు వేస్తారు. ఒకటి ఆడిటరు తీసుకెళ్తాడు. రెండోదాని మీద ఆడిటరు, వెల్డరు ఇద్దరూ తేదీ వేసి సంతకం చేస్తారు. అది షాపు బీరువాలో తాళం వేసి ఉంటుంది. అలా సంతకం చేయనన్న ఆడిటరు ముందు ఈ షాపుల్లో ఎవరూ హోల్డరు పట్టుకోరు.